నలభయ్యో అడుగు

ఫ్లోరా కాలికి సూది పడిన రోజు ఊరంతా వచ్చింది. ఒడీల్ మెడ పట్టేసిన రోజు పిల్లి కూడా తొంగి చూడలేదు.

ఫ్లోరా అంటే ఏ మనవరాలో అనుకునేరు. గుర్రం. బ్రబాంట్ జాతి ఆడగుర్రం, తొమ్మిది వందల కిలోల మనిషి. డెక్క ఒక్కోటి సూపు పళ్ళెమంత ఉంటుంది. గుర్రమెక్కి సముద్రంలోకి దిగి, వెనకాల వల ఈడ్పించి రొయ్యలు పట్టేవాళ్ళు ఫ్లాండర్స్ తీరంలో ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఆ వేళ్ళలో ఒడీల్ బొటనవేలు. ఈ మాట చెప్పుకునేది కూడా అతనే.

సోమవారం పొద్దున పశువుల డాక్టరు స్టెయిన్ ఆఖరి పరీక్షకి వచ్చాడు. శాలలో ఒడీల్‌కి నిలబడ్డానికి చోటు దొరకలేదు. సొంత శాల! బయట నీళ్ళతొట్టి పక్కన నిలబడి, మెడ తిరగదు గనక మనిషి మొత్తంగా తిరిగి, తలుపు సందులోంచి చూస్తున్నాడు. లోపల అతని భార్య లీవా గుర్రం ముక్కు నిమురుతోంది. రొట్టెల కొట్టు వీర్లె పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. పోస్టుమాన్ సైకిలు గోడకానించి మరీ నిలబడ్డాడు, తనకే ఏదో ఉత్తరం వస్తున్నట్టు.

“ఏదీ తల్లీ, కాలు చూపించు,” అంటూ స్టెయిన్ మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎడమ ముందుకాలి కట్టు చుట్టు చుట్టుగా విప్పి, జెల్లు పూసి, యంత్రం ఆనించాడు. చిన్న తెరమీద తెలుపూ నలుపూ గీతలు కదిలాయి. “ఫిబ్రవరిలో ఇక్కడ నల్లగా చిరుగు కనబడింది, గుర్తుందా? ఇప్పుడు చూడండి. అవిసెనార పేనినట్టు వరసగా అల్లుకుపోయింది.”

“దాని రక్తమే దానికి మందయింది,” అంది లీవా, తానే కనిపెట్టినంత గొప్పగా.

నిజానికి ఫిబ్రవరిలో జరిగింది అంతే. గుర్రం మెడలోంచి ఇంత రక్తం తీసి, గిర్రున తిరిగే యంత్రంలో పెడితే ఎరుపు అడుక్కి దిగి పైన లేతపసుపు నీరు తేలింది. ఆ నీటిని తెర చూసుకుంటూ చిరిగిన నరంలోకి సూదితో ఎక్కించాడు. ఆ తర్వాత ఏడు నెలలు లీవా దాన్ని రోజుకి పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట అని గడియారం చూసి నడిపించింది. వానలో తన గొడుగు దానికి పట్టింది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆ గొడుగు ఒడీల్‌కి ఎప్పుడూ పట్టలేదు.

“ఒకటే నాకు అంతుపట్టనిది,” అన్నాడు స్టెయిన్ చేతులు తుడుచుకుంటూ. “చల్లటి ఉప్పునీళ్ళు గుర్రం కాళ్ళకి మంచివి. ఇక్కడి నరం మెలిపడితేగానీ ఇలా చిరగదు. తిన్నగా నడిచే గుర్రానికి మెలి ఎక్కడ పడిందో!”

“డాక్టరుగారూ,” అన్నాడు ఒడీల్ బయట్నించి, “మీ సూదిలో అడుగూబొడుగూ ఏమన్నా మిగిలితే ఈ మెడలో ఓ పోటు పొడిచిపోండి. పుణ్యముంటుంది.”

“నా చదువు నాలుగు కాళ్ళవాళ్ళ వరకేనండీ ఒడీల్ గారూ.”

“అయితే వంగుతాను.”

అందరూ నవ్వారు. ఫ్లోరా సకిలించింది. నవ్వులన్నిటికంటే ఆ సకిలింపే ఒడీల్‌కి ఎక్కువ మండింది.

“రేపట్నించి సముద్రంలోకి దింపొచ్చు. రోజుకి అరగంట. పని లేకపోతే అల్లుకున్న నార బిగుసుకుపోతుంది,” అని స్టెయిన్ సంచీ సర్దుకున్నాడు. జనం పలచబడ్డారు. వెళ్తూ వెళ్తూ పోస్టుమాన్ గుర్రం వీపు తట్టాడు. గుర్రం యజమాని వీపు తట్టలేదు.

“గురువారం పదింటికి నీకు ఫర్న్ పట్నంలో డాక్టరమ్మ దగ్గర చోటు తీసుకున్నాను,” అంది లీవా. “ఇది మూడోసారి. ఈసారీ ఎగ్గొట్టావంటే నీ బదులు నేనే పొడిపించుకొస్తా.”

“ఏం పొడుస్తుంది ఆవిడ? గ్లూకోజు! గుర్రానికేమో రక్తం తీసి, తిప్పి, తేర్చి, బంగారంలాంటి సారం పొడుస్తారు. నాకు కాఫీలో కలుపుకునేదా?”

“మెడలో సాగిపోయిన పట్టీల దగ్గర ఆ నీళ్ళు పడితే ఒంటికి కోపం వచ్చి, దానంతటదే బాగుచేసుకోడం మొదలెడుతుందట.”

“నా ఒంటికి కోపం రావాలంటే పంచదార ఎందుకే, నువ్వు లేవూ?”

“అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేనని కూడా ఆవిడే చెప్పింది. అబద్ధాలు చెప్పే మనిషి కాదు, నీలాగ.”

“అయినా నా మెడకి రోగం ఒడ్డుమీదే లీవా. నీళ్ళలో దిగానంటే వెన్నలా తిరుగుతుంది. రెండేళ్ళుగా చూస్తున్నాను. నలభై అడుగులకోసారి వెనక్కి చూస్తానా, వల రెక్కలు రెండూ శుభ్రంగా కంటికానుతాయి. అదంతా ఉప్పునీటి మహిమ.”

ఒడీల్ అబద్ధాలకి పెట్టింది పేరు. ఒకసారి తన వలలో పియానో పడిందనీ, దానిమీద పీత కూచుని వాయిస్తోందనీ ఊళ్ళో చెప్పిన మనిషి. కానీ ఈ మాట మాత్రం అతను నిజంగానే నమ్మాడు.

లీవా విననట్టు గౌను జేబులోంచి పంచదార బిళ్ళ తీసి ఫ్లోరా నోటికందించింది. ఒక్కటి కాదు, రెండు.

*

ఆ మధ్యాహ్నమే వేళ్ళ పరీక్ష.

సెప్టెంబరులో వేట మొదలుపెట్టే ముందు ఆ ఊరి గుర్రపువాళ్ళందరూ ఇసుకలో వరసగా, సముద్రానికి ఎదురుగా గుర్రాలు నిలబెడతారు. పెద్దాయన పది అడుగులు వెనక నిలబడి చెయ్యి ఎత్తుతాడు. గుర్రం కదలకుండా, మనిషి ఒక్కడే తిరిగి, ఎన్ని వేళ్ళో చెప్పాలి. చెప్పలేనివాడికి ఆ ఏడు సముద్రం లేదు. యాభై ఏళ్ళ కిందట వల అడుగున దేనికో తగులుకుంటే, వెనక్కి చూసుకోని ఒక మనిషి గుర్రంతో సహా పోయాడు. అప్పట్నించీ ఇది ఉంది. నలభై అడుగులకోసారి వెనక్కి చూడాలన్నది అంతకుముందునించే ఉంది. “ముప్పై తొమ్మిదికి చూస్తే తొందర, నలభై ఒకటికి చూస్తే ఆలస్యం” అనేవాడు ఒడీల్ తండ్రి.

ఇప్పుడు పెద్దాయన కమీల్. డెబ్బై నాలుగేళ్ళు. మెడ గుడ్లగూబలా తిరుగుతుంది. ఒడీల్ కంటే ఆరేళ్ళు పెద్ద. ఆ మెడ చూసినప్పుడల్లా ఒడీల్‌కి తన మెడ ఇంకో వేలెడు బిగుసుకుంటుంది.

ఫ్లోరాకి సెలవు ఇవాళ్టితోగానీ తీరదు కాబట్టి ఒడీల్ కమీల్ గుర్రం ప్రిన్స్‌నెక్కాడు. చెక్క జీను, రెండు పక్కలా వెదురు గంపలు, అన్నీ మామూలే. కానీ ప్రిన్స్ చర్చి గోడలా నిలబడింది. తోక కూడా ఆడించలేదు. అదే ఫ్లోరా అయితేనా, పోయినేడూ ముందటేడూ పరీక్షలో ఒక్క క్షణం కాలు నిలపలేదు. “నీ గుర్రానికి చీమలు కుడుతున్నాయేంట్రా?” అని కమీల్ కేకలేశాడు కూడా. అయినా ఒడీల్ టక్కున ‘మూడు’ అన్నాడు. మూడే.

“ఊఁ, చెప్పరా!” అన్నాడు కమీల్ వెనకనించి.

ఒడీల్ కుడికి తిరగబోయాడు. గడ్డం భుజం దాకా కూడా వెళ్ళలేదు. ఎడమకి తిరిగాడు. ఎడమ పక్క గంప కనిపించింది, గంప వెనక ప్రిన్స్ పిర్ర కనిపించింది, కమీల్ కనిపించలేదు.

“నాలుగు,” అన్నాడు.

సముద్రపు కాకి ఒకటి అరిచింది.

“పిడికిలిరా ఒడీల్,” అన్నాడు కమీల్ మెల్లగా, దగ్గరికొచ్చి. పిడికిలి ఇంకా అలాగే ఉంది. “ఒక్క వేలూ ఎత్తలేదు.”

“గుర్రం నాది కాదు. గుర్రం కొత్తది.”

“కళ్ళు నీవే కదరా?” అని, అతని మోకాలిమీద చెయ్యి వేశాడు. “ఈ ఏడు కూచో. ఆ మెడ సంగతి చూపించుకో. ఫ్లోరాని శాలలో కట్టేయకూడదని డాక్టరన్నాడట. వీర్లె రెండేళ్ళు పని నేర్చుకుంది, పిల్లకి గుర్రం లేదు. అది ఎక్కుతుంది.”

వీర్లె ఒడీల్ పాత స్నేహితుడి కూతురు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. రొట్టెలు కాల్చి కాల్చి చేతులు బలంగా ఉంటాయి. ఆమె వరస చివర్నించి, “నాకు ఇష్టం లేదు ఒడీల్ బాబాయ్, నువ్వొద్దంటే ఎక్కను,” అంది.

వద్దనడానికి ఒడీల్ నోరు తెరిచాడు. గట్టుమీద లీవా నిలబడి ఉంది. చేతిలో గొడుగుంది.

“ఎక్కు,” అన్నాడు. “అదేం నిన్ను మొయ్యలేదా?”

ఇంటికొస్తూ దారంతా ప్రిన్స్‌ని తిట్టాడు.

*

మంగళవారం ఆటు పదకొండింటికి. నీళ్ళు వెనక్కి తీసి, గోధుమరంగు ఇసుక మైలు పొడుగున తడిగా మెరుస్తోంది. ఒడీల్ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, గాలి చూడ్డానికి వచ్చినవాడిలా, నీటి అంచున నిలబడ్డాడు.

వీర్లె పసుపు కోటు, పసుపు టోపీ వేసుకుంది. ఆ కోటు ఒడీల్‌దే. చేతులు రెండు మడతలు పెట్టింది. “వదులుగా ఉందా?” అనడిగాడు. “కొంచెం,” అంది. “బొజ్జ పెంచు. పదేళ్ళలో సరిపోతుంది.” ఆమె నవ్వి ఫ్లోరా చెవి వెనక గోకింది. ఫ్లోరా ఆమె భుజమ్మీద గడ్డం ఆనించింది. తన భుజమ్మీదే ఆనిస్తుందనీ, అది తనకొక్కడికే చేసే మర్యాదనీ ఒడీల్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. చూస్తుండగానే ఎవరి భుజమైనా సరేనన్నట్టు ఆనించేసింది. కళ్ళలో ఇసుక పడ్డట్టయి మొహం తిప్పుకోబోయాడు. మెడ తిరగలేదు. చూడక తప్పలేదు.

గుర్రం నీళ్ళలోకి దిగింది. మోకాలు, పొట్ట, రొమ్ము. వల వెనక సాగింది. వల నోరు తెరిచిపట్టే చెక్క రెక్కలు రెండూ చెరో పక్కకి తెరుచుకున్నాయి. అడుగున గొలుసు ఇసుకని గీరితే రొయ్యలు ఎగిరి వలలో పడతాయి. మామూలు నడక, తీరం వెంబడే, తిన్నగా.

కాసేపయ్యాక ఫ్లోరా ఎడమకి తిరిగింది.

సగం తిరుగుడు. తల సముద్రంవైపు, పిరుదు ఒడ్డువైపు. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దారిలోకొచ్చింది. వీర్లె పగ్గం లాగడం కనిపించింది. ఇంకొంచెం దూరం పోయాక మళ్ళీ అంతే.

ఒడీల్ చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి.

మూడోసారి కూడా తిరిగేసరికి అతనికి లోపల ఎవరో బెల్లప్పాకం పోసినట్టయింది. ఇందాక భుజమ్మీద గడ్డం ఆనిస్తే ఏమైంది? నీళ్ళలోకి దిగాక తెలిసిపోదూ ఎవరి గుర్రమో! వీర్లె కింద అది నడవదు. ఎవరి కిందా నడవదు. ఒడీల్ కిందే నడుస్తుంది. ఇలాంటి గుర్రాన్ని నాలుగురోజులు తిప్పేసరికి కమీలే వచ్చి, ‘ఒరేయ్, మెడ ఎలా ఉన్నా సరే, నువ్వే ఎక్కు’ అంటాడు.

వీర్లె ఒడ్డుకొచ్చి వల విప్పింది. జెల్లీచేపలు, పీతలు, వేలెడేసి చేపపిల్లలు ఏరి నీళ్ళలోకి విసిరింది. జల్లెడ పట్టితే అడుగున బూడిదరంగు రొయ్యలు ఒక గంపలో పావు కూడా లేవు.

“వల మాటిమాటికీ మూసుకుపోతోంది బాబాయ్. తిన్నగా నడవడం లేదు. నాదేమన్నా తప్పా?”

“ఏమో మరి. నేనెక్కితే ఎప్పుడూ ఇలా లేదు.”

“పగ్గం ఎలా పట్టుకునేవాడివి?”

“చేత్తో,” అన్నాడు ఒడీల్.

రాత్రి భోజనంలో రెండోసారి సూపు పోయించుకున్నాడు. లీవా అనుమానంగా చూసింది. “ఏమయ్యా, మొహం వెలిగిపోతోంది?”

“సముద్రపు గాలి,” అన్నాడు.

*

బుధవారం ఇంకా ముందే వెళ్ళి నిలబడ్డాడు. నిన్నటి తీపి నాలుకమీద ఇంకా ఉంది. ఈసారి కమీల్ కూడా వేటకి దిగకుండా ఒడ్డునే ఉన్నాడు, వీర్లె మొరపెట్టుకుందేమో. చుట్ట వెలిగించి, కొంచెం అవతల, సంగతేంటో చూద్దామని.

ఫ్లోరా సముద్రంలో నడుస్తోంది. కాళ్ళు కనబడవు. అడుగుకొకసారి గంపలు కొద్దిగా మునిగి తేలతాయి. ఏం తోచక ఒడీల్ నీటి అంచు వెంట దానితోపాటు నడవడం మొదలుపెట్టాడు. ఏభై ఏళ్ళ అలవాటు, లోపల లెక్క దానంతటదే నడుస్తోంది. గంప మునిగితే ఒకటి. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభయ్యో అడుగుకి, వెనక్కి చూద్దామని ఒడ్డుమీదే, వల లేదు ఏం లేదు, ఊరికే, అతని భుజం కదిలింది.

అదే అడుగులో ఫ్లోరా ఎడమకి తిరిగింది.

కాకతాళీయం అనుకున్నాడు. మళ్ళీ ఒకటి నించి మొదలుపెట్టాడు. ఈసారి పెదవులు కదులుతున్నాయి. నలభై. ఫ్లోరా తిరిగింది. ఆగింది. ఒక చెవి వెనక్కి పెట్టింది. ఎవరికోసమో కాచుకున్నట్టుగా నిలబడి, తర్వాత దారిలో పడింది.

ఒడీల్ ఆగిపోయాడు. అల వచ్చి బూట్లలోకి నీళ్ళు పోసింది.

గుర్రం ఎడమకి తిరిగితే వెనక ఉన్న వల ఎక్కడికి వస్తుంది? ఎడమ పక్కకి. మెడ అసలు తిరగనివాడికి, ఎడమకి మాత్రం ఓ నాలుగు వేళ్ళు తిరిగేవాడికి, ఎడమకంటి చివర సరిగ్గా ఎక్కడ ఆనాలో అక్కడికి. రెక్కలు రెండూ, శుభ్రంగా.

ఉప్పునీటి మహిమ!

పోయినేడు పరీక్షలో ఫ్లోరాకి చీమలు కుట్టలేదు. అంతకుముందేడూ కుట్టలేదు. వెనక పది అడుగుల్లో ఉన్న మూడు వేళ్ళని అది తెచ్చి అతని కంటి ముందు పెట్టింది. రెండేళ్ళు, రోజూ, నలభై అడుగులకోసారి, వెనక నిండు వల, కింద మెత్తటి ఇసుక, ఆ తొమ్మిది వందల కిలోలూ ఎడమ ముందుకాలిమీద మెలితిప్పి. తిన్నగా నడిచే గుర్రానికి మెలి ఎక్కడ పడిందో అని స్టెయిన్ అడిగాడు గదా.

దాని మెడలోంచి రక్తం తీసి కాలికి పెట్టారని అతను ఏడు నెలలు కుళ్ళుకున్నాడు. అతని మెడ నొప్పి తీసి అది కాలిలో పెట్టుకున్న సంగతి ఎవడు చూశాడు?

వీర్లె ఒడ్డుకొచ్చి దూకింది. వంగి ఫ్లోరా ఎడమకాలు పట్టి చూసింది. మళ్ళీ చూసింది. “కమీల్ తాతా, ఇటు రా. కాలు వెచ్చగా ఉంది.”

కమీల్ వచ్చి, చుట్ట పక్కకి పెట్టి, అరచేత్తో కాలు పైనించి కిందికి నిమిరాడు. “వాపు లేదు. వేడి మాత్రం ఉంది.” లేచి నిలబడ్డాడు. “ఇంకేముంది. సూది పట్టలేదన్నమాట. నొప్పికే వంకరపోతోంది పాపం. స్టెయిన్‌కి ఫోన్ చెయ్యండి. నన్నడిగితే ఇక దీన్ని సముద్రానికి తేవద్దు. మా బావమరిది పొలంలో గడ్డి బోలెడు, అక్కడికి తోలేస్తే హాయిగా బతుకుతుంది. ఏమంటావురా ఒడీల్, గుర్రం నీది.”

ఊరుకుంటే చాలు. ఎవరూ ఏమీ అనరు. వీర్లె దిగిపోతుంది, కోటు మేకుకి తిరిగొస్తుంది. ఫ్లోరా ఎవరి భుజమ్మీదా గడ్డం ఆనించకుండా ఎక్కడో పొలంలో ఉంటుంది. లీవా గొడుగు ఖాళీ అవుతుంది. వచ్చే ఏడు వేరే గుర్రం, వేరే పరీక్ష. ‘ఫ్లోరా ఉంటేనా’ అని చెప్పుకోవచ్చు, పియానో కథలాగ, జీవితాంతం.

ఒడీల్ ఫ్లోరా ముందుకి వెళ్ళాడు. అది అతని చేతులు వాసన చూసింది. పంచదార లేదు. అయినా కాసేపు అక్కడే ముక్కు పెట్టుకుంది.

“దాని కాలికేం కాలేదు,” అన్నాడు. “నా మెడకయింది.”

“మెడ సంగతి తర్వాత చూద్దాంరా…”

“ఇదే మెడ సంగతి. నాకు రెండేళ్ళ నించి వెనక్కి కనబడదు కమీల్. అది తిరిగి చూపించేది. నలభై అడుగులకోసారి. కావాలంటే లెక్కపెట్టు.”

వీర్లె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. కమీల్ గుర్రాన్ని చూశాడు, తర్వాత మనిషిని.

“పోయినేడు నువ్వు మూడన్నావు. నేను చూపించింది మూడే.”

“నువ్వు చూపించింది దానికి. అది చూపించింది నాకు.”

“ఇన్నాళ్ళూ నీకు తెలుసా?”

“ఒట్టు, తెలీదు. సముద్రం గొప్పదనుకున్నాను.” గుర్రం ముక్కు నిమురుతూ, “నిన్నట్నించి మాత్రం నాకోసమే తిరుగుతోందని మురిసిపోయాను. అది నిజమేలే. ఎందుకు తిరుగుతోందో మాత్రం ఇందాకే తెలిసింది,” అన్నాడు.

కమీల్ ఆరిన చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది ఒడీల్‌కి.

*

గురువారం పదింటికి ఫర్న్‌లో, గుండ్రంగా తిరిగే స్టూలుమీద కూచున్నాడు. డాక్టరమ్మ వెనక నిలబడి మెడ పూసలు ఒక్కొక్కటీ నొక్కింది.

“కుడికి తిరగండి.”

తిరిగాడు.

“స్టూలు కాదు. మెడ.”

గోడవారగా కూచున్న లీవా పెదవి కొరుక్కుంది.

“ఎన్నాళ్ళనించి ఇలా?”

“రెండేళ్ళు.”

“రెండేళ్ళు! గుర్రమ్మీద సముద్రంలోకి వెళ్తారని మీ ఆవిడ చెప్పింది. ఈ మెడతో ఎలా వెళ్ళారండీ?”

“నా మెడ గుర్రం దగ్గర ఉండేదమ్మా.”

ఆవిడ కాగితమ్మీద ఏం రాసుకుందో తెలీదు. బోర్లా పడుకోబెట్టి, పెన్నుతో చుక్కలు పెట్టి, తెరలో చూసుకుంటూ ఒక్కో చుక్క దగ్గరా పొడిచింది. పదకొండు పోట్లు. ఆరో పోటుకి ఒడీల్ మంచం అంచు పట్టుకున్నాడు. ఫ్లోరాకి పొడిచినప్పుడు అది కనీసం కాలు కూడా జాడించలేదని గుర్తొచ్చి, తొమ్మిదో పోటుకి వదిలేశాడు.

“రెండుమూడు రోజులు మంట ఎక్కువగా ఉంటుంది. ఐసు పెట్టకండి, వాపు తగ్గే బిళ్ళలు వేసుకోకండి. ఆ మంటే మనకి కావాలి. నెలకోసారి, మూడుసార్లు రండి. ఎంత తిరుగుతుందో అప్పుడు చూద్దాం. పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వను.”

“గుర్రానికి ఏడు నెలలు పట్టింది,” అన్నాడు ఒడీల్ దిండులోకి. “నేను దానికంటే చురుకేం కాదు.”

బస్టాపులో వాన పట్టుకుంది. లీవా గొడుగు తెరిచి అతని పైకి జరిపింది. అతను ఆకాశం చూద్దామనుకున్నాడుగానీ మెడ ఒప్పుకోలేదు.

*

రెండు రోజుల విశ్రాంతికి ఫ్లోరా కాలు చల్లబడింది. శుక్రవారం స్టెయిన్ వచ్చి, ఒక్క విడత, తిన్నగా నడిస్తేనే, అన్నాడు.

ఒడీల్ మెడకి లీవా అల్లిన మఫ్లరు చుట్టుకుని, నీటి అంచున వీర్లెకి పాఠం చెప్పాడు. “ముప్పై ఎనిమిదికే తిరుగు. ఊరికే మెడ కాదు, నడుంతో సహా, జీను కిర్రుమనేట్టు. నువ్వు చూశావని దానికి తెలియాలి. నోటితో కూడా చెప్పు.”

“ఏమని చెప్పను బాబాయ్?”

“చూశాను అని.”

వీర్లె దిగింది. ఒడీల్ ఒడ్డున వెంటే నడుస్తూ అరిచాడు. అరిచినప్పుడల్లా మెడలో పదకొండు చుక్కలూ మండాయి. “ముప్పై ఆరు! ముప్పై ఏడు! ఇప్పుడు!” వీర్లె నడుం తిప్పింది. ఏదో అంది, గాలికి వినబడలేదు. నలభయ్యో అడుగులో ఫ్లోరా తల ఎడమకి వెళ్ళింది. చెవులు వెనక్కి తిరిగాయి. కాలు ఎత్తి, ఎక్కడ వెయ్యాలో తెలీక, తిన్నగా వేసింది.

రెండో నలభైకి తల కొంచెమే కదిలింది. నాలుగో నలభైకి చెవులు మాత్రమే. ఆరోదానికి అవీ లేవు. వల రెక్కలు రెండూ బార్లా తెరుచుకుని తిన్నగా పోతున్నాయి, గీత గీసినట్టు.

“తిరగట్లేదురా!” అని కమీల్ తన గుర్రమ్మీంచి కేకేశాడు.

“కనబడుతూనే ఉంది,” అన్నాడు ఒడీల్. రెండేళ్ళు తన కోసం మోసింది గదా. వదలడానికి అరగంట కూడా పట్టలేదు. బాగుపడాలనే కదా తాను అరిచింది? మరి ఈ పాడు మనసు ఇప్పుడు కూడా ఎందుకిలా చిటపటమంటుందో అతనికి అంతుపట్టలేదు.

విడత అయింది. వీర్లె నీళ్ళలోంచి బయటికొచ్చి, వల విప్పి, పగ్గం జీనుమీద పడేసి జల్లెడ దగ్గరికి పోయింది. గంప నిండింది. ఫ్లోరా ఒంటరిగా, బరువేమీ లేకుండా, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఇసుకలో నడుచుకుంటూ ఒడీల్ దాకా వచ్చింది. అతనికీ వలకీ మధ్య, ఎడమ పక్కన ఆగింది. అతని మఫ్లరు వాసన చూసింది.

తర్వాత మెల్లగా, ఒక్కో కాలూ జాగ్రత్తగా తీసి పెడుతూ, ఎడమకి సగం తిరిగింది. తిరిగి, ఒక చెవి వెనక్కి పెట్టి, కదలకుండా నిలబడింది. అది తొలగిన చోట, ఒడీల్ ఎడమకంటి చివర, తడి ఇసుకమీద, ఖాళీ వల రెక్కలు రెండూ శుభ్రంగా ఆనాయి.

ఒడీల్ దాని మెడమీద చెయ్యి వేశాడు.

“చూశానులే తల్లీ,” అన్నాడు. “చూశాను. ఇక నడు.”